ఆఫీసు దగ్గరికొచ్చింది, మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి: నందిగామ, జగ్గయ్యపేటల్లో ర్యాంపు కథ

ఈ ఎపిసోడ్‌లో రాజుల కథ కొంచెమే ఉంటుంది, యుద్ధాలు అసలు లేవు. ఇవాళ మూడు మెట్ల గురించి మాట్లాడుకుందాం.

"హిస్టరీ అని చెప్పి మెట్లేంటి బ్రో" అనుకుంటున్నారా? ఒక్కసారి ఆలోచించండి. నందిగామలో గానీ జగ్గయ్యపేటలో గానీ ఏదైనా ప్రభుత్వ ఆఫీసు, బ్యాంకు, ఏటీఎం, ఎన్నికలప్పుడు పోలింగ్ బూత్‌గా మారే స్కూలు గుర్తు తెచ్చుకోండి. చాలాచోట్ల గుమ్మం ముందు మూడో నాలుగో మెట్లుంటాయి. మనకి అది రెండు సెకన్ల పని. ఎక్కామన్న సంగతి కూడా గుర్తుండదు. మూడు చక్రాల సైకిల్ మీద వచ్చిన మనిషికి మాత్రం ఆ మూడు మెట్లే గోడ. లోపల ఉన్న పథకం, సర్టిఫికెట్, ఓటు అన్నీ గోడకి అవతలే.

ఆ మెట్లు ఎందుకు అలా ఉండిపోయాయి? తీసెయ్యమని ఎవరూ చెప్పలేదా? చెప్పారు. చట్టం కూడా వచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు. అదే ఇవాళ్టి కథ.

ముందు బాగా వెనక్కి వెళ్దాం. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద పేట కట్టించాక జగ్గయ్యపేట అయింది. అంతకన్నా చాలా ముందే అక్కడ పెద్ద బౌద్ధ స్తూపం ఉండేది. ఆ దిబ్బని ఊళ్లో ధనంబోడు అంటారు. 1880లలో జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు అధికారి అక్కడి శిల్పాలు, శాసనాలు పరిశీలించి పుస్తకంగా వేశాడు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనం ఒకటి ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటిది. అంటే సుమారు 1,700 ఏళ్ల కిందటి మాట.

ఆ శాసనం వేయించింది రాజు కాదు. సిద్ధార్థుడనే చేతిపనివాడు. వెలగిరి మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర 5 ఆయక స్తంభాలు నిలబెట్టించానని చెప్పుకున్నాడు. ఎవరి కోసమట? సర్వ జీవుల హితం కోసం, సుఖం కోసం. అప్పట్లో స్తూపానికి ర్యాంపు ఉండేదని నేను చెప్పట్లేదు. నాకు నచ్చింది ఆ మాట. పదిమంది కోసం కట్టే కట్టడం మీద "ఇది అందరి కోసం" అని రాసిపెట్టే అలవాటు మన ఊరి రాయికే ఉంది. ఫారిన్ నుంచి దిగుమతి చేసుకున్న ఐడియా కాదు.

ఇప్పుడు ఒక్క జంప్‌లో బ్రిటిష్ కాలానికి వద్దాం. అప్పుడు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా నందిగామ తాలూకా. 1872లో మొదలైన జనాభా లెక్కల్లో "ఇన్ఫర్మిటీస్" అని ఒక విభాగం ఉండేది. అంటే అంగలోపాలు అనుకోండి. చూపు లేనివాళ్లు, చెవిటి మూగ వాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, కుష్ఠు ఉన్నవాళ్లు, ఈ నాలుగు రకాల మనుషుల్ని లెక్కపెట్టేవారు. 1931 దాకా అలా సాగింది. లెక్కపెట్టారే గానీ, వాళ్లు ఆఫీసు గడప ఎలా దాటాలన్నది ఆ లెక్కలో ప్రశ్నే కాదు.

తర్వాత ఇంకా విచిత్రం. 1941 నుంచి 1971 దాకా ఆ ప్రశ్నే అడగలేదు. 1981లో అడిగారు, 1991లో మళ్లీ వదిలేశారు. వికలాంగుల సంఘాలు గట్టిగా అడిగాక 2001లో తిరిగి చేర్చారు. 2011 లెక్క ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా. డేటాబేస్‌లో కాలమ్ లేకపోతే రిపోర్టులో ఆ మనిషి కనపడడు. రిపోర్టులో కనపడని మనిషి కోసం బడ్జెట్‌లో రూపాయి పెట్టరు. స్వాతంత్ర్యం వచ్చాక మనం స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు జోరుగా కట్టుకున్న కాలం సరిగ్గా ఆ ఖాళీ కాలమే.

ఇంకో వైపు చూద్దాం. అదే సమయంలో మన రాష్ట్రంలో ఒక మంచి పని జరుగుతూ వచ్చింది: ఆఫీసు జనానికి దగ్గరవడం. ఒకప్పుడు పని పడితే తాలూకా ఆఫీసుకి పోవాలి. చందర్లపాడు వైపు ఊళ్ల నుంచి, వత్సవాయి వైపు నుంచి ఒక కాగితం కోసం బస్సెక్కి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల, వీరులపాడు, పెనుగంచిప్రోలు, ఎక్కడికక్కడ ఆఫీసులు. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. ఆఫీసు ఇంకాస్త దగ్గరైంది, వీధి చివరికే వచ్చింది. 2020 ఫిబ్రవరి నుంచి పెన్షన్ ఇంటికే వచ్చింది. 2025 జనవరి 30న వాట్సాప్‌లో "మన మిత్ర" మొదలైంది, మొదటి రోజే 161 సేవలతో. ఆఫీసు జేబులోకి వచ్చేసింది.

గమనించారా? ప్రతిసారీ తగ్గించింది కిలోమీటర్లని. ముప్పై కిలోమీటర్లు పది అయ్యాయి, పది ఒకటైంది. మిగిలింది చివరి మూడు మీటర్లు. రోడ్డు నుంచి గుమ్మం దాకా ఉన్న ఆ మూడు మీటర్ల గురించి ఏ సంస్కరణా పెద్దగా మాట్లాడలేదు.

"ఇంటికే అన్నీ వస్తుంటే ఇక మెట్ల గొడవెందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 2024 ఏప్రిల్‌లో దొరికింది. ఎన్నికల కోడ్ వల్ల వాలంటీర్లతో పంపిణీ ఆగింది. నడవలేని వాళ్లకి ఇంటికే ఇస్తామన్నారు గానీ, చాలామంది పెద్దవాళ్లు ఎండలో సచివాలయాలకి వెళ్లాల్సి వచ్చింది. మే నెలలో చాలామంది డబ్బు బ్యాంకు ఖాతాల్లో పడింది. అంటే బ్యాంకు మెట్లు. ఇందులో ఏ పార్టీది తప్పు అనే చర్చలోకి నేను పోను. నేను చూసే పాయింట్ ఒక్కటే. ఇంటికి తెచ్చివ్వడం ఒక ఏర్పాటు, ఏర్పాటు ఏ రోజైనా ఆగొచ్చు. గుమ్మం దాకా సాఫీగా దారి ఉంటే, ఏర్పాటు ఆగిన రోజు కూడా మనిషి తనంతట తాను వెళ్లగలడు.

ఇంకో మాట కూడా వింటుంటాం: "మనూళ్లో అలాంటి ఇబ్బంది లేదండీ, నలుగురం పట్టుకుని పైకి ఎక్కించేస్తాం." నిజమే, మనోళ్లు ఎక్కిస్తారు, మంచి మనసుతోనే. కానీ ఒక ముప్పై ఏళ్ల మనిషిని, ఒక ఆడమనిషిని, నలుగురు తెలియని వాళ్లు చంకల్లో చేతులేసి ఎత్తుతుంటే ఆవిడకి ఎలా ఉంటుంది? రేపు మళ్లీ అదే ఆఫీసుకి రావాలనిపిస్తుందా? చాలామంది రావడం మానేస్తారు. అప్పుడు ఆఫీసువాళ్లు అంటారు: "మా దగ్గరికి అలాంటివాళ్లు ఎవరూ రారండీ, ర్యాంపు ఎందుకు?" మెట్లు ఉండటం వల్ల రావడం లేదు, రావడం లేదని మెట్లు ఉంచారు. ఇన్ఫినిట్ లూప్.

సరే, చట్టం దగ్గరికొద్దాం. 1995 డిసెంబర్‌లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అమల్లోకి వచ్చింది. పబ్లిక్ బిల్డింగుల్లో ర్యాంపులు, వాడుకోగలిగే టాయిలెట్లు, లిఫ్టుల్లో బ్రెయిలీ గుర్తులు, ఆస్పత్రుల్లో ర్యాంపులు, అన్నీ అందులో ఉన్నాయి. మరి ఎందుకు రాలేదు? ఒకే ఒక్క ముక్క వల్ల. "ఆర్థిక స్తోమత మేరకు" చెయ్యాలి అని రాశారు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో "తప్పనిసరి" అని రాస్తే రిలీజ్ లోపు అవుతుంది. "వీలైతే" అని రాస్తే అది తర్వాతి రిలీజ్‌కి, ఆ తర్వాతి రిలీజ్‌కి పోతూనే ఉంటుంది. మన ర్యాంపు ఇరవై ఏళ్లు "వీలైతే" లిస్టులోనే ఉంది.

స్తోమత ఎప్పుడు పుడుతుందో 2001 జనవరిలో దేశం చూసింది. ఫిజిక్స్ శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చాడు. కుతుబ్ మినార్, జంతర్ మంతర్ చూడాలనుకున్నాడు. ఆయన వీల్‌చైర్ మనిషి. వికలాంగుల హక్కుల నాయకుడు జావేద్ ఆబిది పట్టుబట్టాక అక్కడ చెక్క ర్యాంపులు పెట్టారు. పెద్ద అతిథి వస్తే కొద్ది రోజుల్లో అయిపోయిన పని, మన దేశపు వాళ్లకి అన్నేళ్లు కాలేదు.

మన తెలుగు నేల మీద కూడా ఒక మైలురాయి ఉంది, చాలామందికి తెలియదు. చూపు లేనివాళ్లు తమ ఓటు తామే రహస్యంగా వేసుకోవడానికి ఈవీఎం మీద బ్రెయిలీ అంకెలు ఉంటాయి కదా? దాన్ని ఎన్నికల సంఘం 2004లో మొదట ప్రయోగం చేసింది హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ నియోజకవర్గంలో. 2009 నాటికి దేశమంతా వచ్చింది. అంతకుముందు ఏం జరిగేది? పక్కనున్న మనిషి చేత ఓటు వేయించుకోవాలి. ఎవరికి నొక్కాడో నమ్మడమే. ఒక చిన్న చుక్కల స్టిక్కర్ ఆ నమ్మకం అవసరాన్ని తీసేసింది. 2024 ఎన్నికల్లో 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకి, 85 ఏళ్లు దాటినవాళ్లకి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కూడా ఇచ్చారు.

అమెరికాలో ఉన్న మన కజిన్స్ వీడియో కాల్‌లో చూపిస్తుంటారు: ప్రతి ఫుట్‌పాత్‌కీ వాలు, ప్రతి షాపుకీ ర్యాంపు. "వాళ్లకి సివిక్ సెన్స్ ఎక్కువ" అనేస్తాం. అదేం కాదు. 1977లో వికలాంగులు శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రభుత్వ బిల్డింగులో దాదాపు నెల రోజులు కూర్చుండిపోయారు. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో చేతికర్రలు, వీల్‌చైర్లు కింద వదిలేసి పార్లమెంటు భవనం మెట్ల మీద పాకుతూ పైకెక్కారు. వాళ్లలో 8 ఏళ్ల పాప కూడా ఉంది. అదే ఏడాది జులైలో చట్టం సంతకమైంది. అక్కడ కూడా ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

మన దగ్గర రెండో చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. 7 రకాల వైకల్యాలు 21 అయ్యాయి. "స్తోమత మేరకు" పోయింది. 44వ సెక్షన్ ఏం చెప్తుందంటే, ప్రమాణాలు పాటించని బిల్డింగుకి ప్లాన్ ఇవ్వకూడదు, కట్టాక కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. 45వ సెక్షన్, పాత పబ్లిక్ బిల్డింగులన్నీ రూల్స్ వచ్చిన 5 ఏళ్లలోపు మార్చాలి. రూల్స్ 2017 జూన్ 15న వచ్చాయి. లెక్క వెయ్యండి: 2022 జూన్. మన ఎన్టీఆర్ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న, అదే రోజు నందిగామ రెవెన్యూ డివిజన్ అయింది. కొత్త జిల్లా వచ్చిన రెండు నెలలకే పాత బిల్డింగుల గడువు అయిపోయింది. బోర్డుల మీద జిల్లా పేరు మారింది. బోర్డు కింద మెట్లు ఎన్నిచోట్ల మారాయో మీరే చూసి చెప్పాలి.

ఇక్కడో ట్విస్ట్. చట్టం "తప్పనిసరి" అంది, రూల్స్ దగ్గరికొచ్చేసరికి 15వ రూల్‌లో ఉన్నవన్నీ సలహాల్లా మిగిలిపోయాయి. చూపు లేని రాజీవ్ రతూరి అనే వ్యక్తి 2005లో వేసిన కేసు సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నడిచింది. పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీకి అప్పగించింది. ఆ రిపోర్టు చూశాక 2024 నవంబర్ 8న కోర్టు తీర్పిచ్చింది: ఆ రూల్ చట్టానికే విరుద్ధం, వదిలిపెట్టడానికి వీల్లేని కనీస ప్రమాణాలు విడిగా తయారుచెయ్యండి అని 3 నెలలు టైమిచ్చింది. 1995లో చట్టంలో దూరిన "వీలైతే" 2017లో రూల్స్‌లో దాక్కుంది. దాన్ని బయటికి లాగడానికి దాదాపు 29 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ప్రాక్టికల్‌గా మాట్లాడదాం. "మెట్లు ఎవడో పనిలేక కట్టలేదు కదా" అంటారు. కరెక్టే. మనది వరద తెలిసిన ప్రాంతం. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవేనే మునిగింది. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, నీళ్లు లోపలికి రాకూడదని బిల్డింగు కూడా ఎత్తు లేపుతారు. ఎత్తు ఉండాల్సిందే. ఆ ఎత్తుకి మెట్లతో పాటు వాలు కూడా ఉండాలి, అంతే అడిగేది.

ఆ వాలుకీ లెక్క ఉంది: 1:12. ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు. మూడు మెట్లు అంటే సుమారు 18 అంగుళాలు. 18 ఇంటూ 12, 216 అంగుళాలు, అంటే 18 అడుగుల ర్యాంపు కావాలి. స్థలం లేకపోతే మధ్యలో చదునుగా ఒక మలుపు ఇచ్చి వెనక్కి తిప్పొచ్చు. చాలాచోట్ల ఏం చేస్తారంటే, మెట్ల పక్కన ఐదడుగుల్లో సిమెంటు జారుడుబండ పోసి "ర్యాంపు ఉంది" అని టిక్ పెట్టేస్తారు. అది దాదాపు 17 డిగ్రీల వాలు. 1:12 అంటే 5 డిగ్రీల లోపే. 17 డిగ్రీల మీద వీల్‌చైర్ ఎక్కదు, దిగేటప్పుడు ఆగదు. దాని మీద బైకులు మాత్రం బాగా ఎక్కుతాయి, అందుకే సాయంత్రానికి అది పార్కింగ్ అయిపోతుంది. పై చివర తలుపు కూడా కనీసం 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు, వెడల్పు ఉండాలి. లేకపోతే పైకెక్కి అక్కడ ఇరుక్కోవడమే.

ఖర్చంటారా? జయంతిపురంలో రాంకో, ముక్త్యాలలో కేసీపీ, సిమెంటు మన ఊళ్ల పక్కనే తయారవుతుంది. సిద్ధార్థుడు నిలబెట్టిన స్తంభాలు, ఈ సిమెంటు, రెండిటికీ మూలం మన నేలలోని సున్నపురాయే. ర్యాంపుకి సిమెంటు కొరత అనే మాట కనీసం జగ్గయ్యపేటలో అనకూడదు.

ఇంకో మెట్టు మీ చేతిలో ఉంది, మీ ఫోన్‌లో. సేవలన్నీ యాప్‌లోకి వచ్చేశాయి సరే, చూపు లేని వ్యక్తి ఫోన్ ఎలా వాడతారో తెలుసా? ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అని ఉంటుంది, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. యాప్ చేసినవాళ్లు బటన్‌కి పేరు పెట్టకపోతే అది "బటన్, బటన్, బటన్" అని మాత్రమే చదువుతుంది. డబ్బు పంపే బటన్ ఏది, రద్దు చేసే బటన్ ఏది? బొమ్మల క్యాప్చా వస్తే ఇక అంతే. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు దీని మీద కూడా చెప్పింది. కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లార్పమంటే, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఏం చెయ్యాలి అన్నదే ఆ కేసు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి 20 ఆదేశాలిచ్చింది. బీటెక్ చదివే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక్క మాట: మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు యాప్‌ని కళ్లు మూసుకుని టాక్‌బ్యాక్‌తో ఒకసారి వాడి చూడండి. మెట్లు ఎక్కడున్నాయో వెంటనే తెలుస్తుంది.

పేర్ల గురించి కూడా చెప్పాలి. వికలాంగులు అన్నాం, దివ్యాంగులు అన్నాం, మన ప్రభుత్వ శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులు అని ఉంటుంది. పెన్షన్ కూడా పెరిగింది, 2024 జులై నుంచి 3,000 కాస్తా 6,000 అయింది. మంచిదే, దాని వెనక ఎన్నో ఏళ్ల పోరాటం ఉంది. అయితే పెన్షన్ మనిషిని ఇంట్లో బతికిస్తుంది. ర్యాంపు ఆ మనిషిని కాలేజీకి, ఉద్యోగానికి, సినిమాకి పంపిస్తుంది. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తర్వాత సైన్స్ చదువుతానంటే, చూపు లేదని రూల్స్ ఒప్పుకోలేదు. కోర్టుకెళ్లి గెలిచి చదివాడు, అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు, తిరిగొచ్చి కంపెనీ పెట్టాడు. ఆయన కథ సినిమా కూడా అయింది. మనం చప్పట్లు కొట్టాం. ఒక్క సబ్జెక్టు చదవడానికి కోర్టు మెట్లెక్కే ఓపిక, సాయం చేసే టీచరు దొరకని పిల్లలు ఎంతమంది పదో తరగతితో ఆగిపోయి ఉంటారు? వాళ్ల మీద సినిమాలు రావు.

మరి మనమేం చెయ్యొచ్చు? మూడు పనులు, మూడూ ఫోన్‌తో మొదలయ్యేవే.

ఒకటి, కొలవండి. చాలా ఫోన్లలో లెవల్ టూల్ ఉంటుంది, లేకపోతే ఫ్రీ యాప్ దొరుకుతుంది. ర్యాంపు మీద ఫోన్ పెట్టండి. 5 డిగ్రీల లోపుంటే బాగుంది. పది, పదిహేను చూపిస్తే ఫొటో తియ్యండి.

రెండు, అడగండి. 45వ సెక్షన్ ప్రకారం ఆస్పత్రులు, స్కూళ్లు, బస్టాపుల్లాంటి చోట్ల ఏది ముందు మారుస్తారో స్థానిక సంస్థలు కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి ప్రచురించాలి. ఆ ప్రణాళిక కాపీ ఇవ్వమని మీ మున్సిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. మండల ఆఫీసులో అయితే 5, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రణాళిక లేకపోతే లేదనే రాసివ్వాలి, ఆ కాగితం కూడా మీకు పనికొస్తుంది.

మూడు, ఫిర్యాదు చెయ్యండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. దానిపైన రాష్ట్ర స్థాయిలో వికలాంగుల కమిషనర్ ఉంటారు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది. కానీ ఒక్కటి మర్చిపోకండి: వెళ్లేముందు మీ వీధిలో వీల్‌చైర్ వాడే అన్ననో అక్కనో అడగండి, "ముందు ఏ గుమ్మం మారితే మీకు ఉపయోగం?" అని. లిస్టు వాళ్లు చెప్పాలి, మనం పక్కన నడవాలి.

ఇది వాళ్ల కోసం చేసే సేవ అని కూడా అనుకోకండి. కాలు విరిగిన రోజు, కడుపుతో ఉన్న రోజు, డెబ్బై ఏళ్లొచ్చిన రోజు, ఆ ర్యాంపు మీదే మనమూ వెళ్తాం. మా నానమ్మ వయసువాళ్లు బ్యాంకు ముందు మెట్టు మెట్టుకీ ఆగి గోడ పట్టుకుని ఎక్కడం మీరూ చూసే ఉంటారు.

ఈ వారం నందిగామ, జగ్గయ్యపేటల్లో ఎవరెవరు ఎన్ని డిగ్రీలు కొలిచారో నాకు పంపండి. బాగున్న ర్యాంపు కనిపిస్తే దాని ఫొటో కూడా పంపండి, అది కట్టిన మేస్త్రీకి వచ్చే ఎపిసోడ్‌లో థ్యాంక్స్ చెప్దాం. ఉంటాను ఫ్రెండ్స్.